పెచ్చు కట్టిన పేడగుంట

పంతొమ్మిది వందల అరవైల్లో మావారికి నాచారం దగ్గర పెద్ద గేదెల ఫారంలో మేనేజరు ఉద్యోగం దొరికితే, కృష్ణా జిల్లా నుంచి పాపను చంకనేసుకుని వచ్చాను. మాకిచ్చిన రెండు గదుల ఇల్లు గేదెల కొట్టాల వెనకే ఉంది. మధ్యలో పేడగుంట. కొట్టాలు కడిగిన నీళ్ళూ, పేడా కాలవలో పడి అందులోకే చేరేవి. ఉప్పల్ వైపు ద్రాక్షతోటల వాళ్ళు కొమ్మలు కత్తిరించే రోజుల్లో వచ్చి బళ్ళ మీద తోలుకుపోయేదాకా అక్కడే మాగేది.

ఎండలకి గుంట మీద పెచ్చు కట్టింది. దాని మీద గడ్డి కూడా మొలిచింది. చూస్తే మామూలు నేలే.

ఒక పొద్దున నేను బట్టలారేస్తుంటే, కట్టు తెంపుకున్న చూడిగేదె ఒకటి ఆ గడ్డి కోసం వచ్చింది. రెండడుగులు వేసిందో లేదో పెచ్చు విరిగి మెడదాకా దిగిపోయింది. నా అరుపుకి, కొట్టంలో పేడ ఎత్తే ఆవిడ పరుగున వచ్చింది.

"నువ్వు దగ్గర్కి పోకమ్మా! ఓ అన్నా, బర్రె బొందల వడ్డది, మోకులు తేండ్రి!" అని కేకేసింది.

పనివాళ్ళంతా పలకలు పరుచుకుని, మోకులు కట్టి లాగారు. బయటపడ్డ గేదె కాళ్ళు వణికి చాలాసేపటిదాకా లేవలేకపోయింది. అందరూ దాన్ని కడుగుతుంటే నేను పాపకోసం ఇంట్లోకి పరుగెత్తాను. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల. గుమ్మంలోనే కూర్చుని ఉంది.

ఆ రోజు నుంచి నాకు ఒకచోట కాలు నిలవలేదు. అన్నం వారుస్తూ మధ్యలో వదిలేసి గుమ్మంలోకి వెళ్ళేదాన్ని. పాప కాళ్ళకి మువ్వల పట్టీలు పెట్టాను. ఆ చప్పుడు ఆగితే నా పైప్రాణాలు పైనే పోయేవి. గుంట చుట్టూ కంచె వేయించమని మావారిని అడిగితే, "ఓనరుగారికి చెప్పాను, చేయిద్దామన్నారు" అన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట.

ఇక ఆగలేక, కొట్టంలో పేడ ఎత్తే ఆవిడనే అడిగాను.

"గింతదానికి ఫికరెందుకమ్మా? తుమ్మకంప కొట్టుకొస్తం. జర నువ్వు గుంజలు పట్టుకో, సాలు" అంది.

తను, కొట్టంలో పనిచేసే మరో ఇద్దరు ఆడవాళ్ళు, నేను కలిసి పొద్దు వాలేలోగా చుట్టూ కంప కట్టేశాం. నా చేతులు మోచేతులదాకా గీరుకుపోయాయి. మావారు ఆ చేతులు చూశారు. మర్నాడు తనే ఒక తడిక తెచ్చి, బళ్ళకి పేడ ఎత్తేచోట తలుపులా కట్టారు.

కంప కట్టినా నా భయం తీరక, వానలు మొదలయ్యాక ఉప్పల్లో అద్దె ఇంటికి మారాం. ఇంటి ముందంతా రాతినేల. అయినా పాపని ఆటకి వదిలేముందు నేను దిగి అక్కడక్కడా గట్టిగా తొక్కి చూసేదాన్ని.

పక్కింటావిడ నవ్వి, "ఏందక్కా, గట్ల తొక్కుతున్నవ్?" అంది.

చెబుదామని నోరు తెరిచాను. అంతలో పాప గేటు దాటుతుంటే అటు పరుగెత్తాను.