ఒళ్లో పుట్టగొడుగు దిమ్మె

థర్మాకోల్‌కు బదులు వాడేందుకు వేరుశనగ పొట్టులో పుట్టగొడుగు బూజు పెంచి దిమ్మెలు చేయడం మా కాలేజీ ప్రాజెక్టు. మొదటి దిమ్మె ఎండ తగిలి చచ్చిపోయింది. ఇంకా పెరుగుతున్న రెండోదాన్ని డబ్బాలో పెట్టుకుని ప్రొద్దుటూరులో పులివెందుల బస్సెక్కాను. కిటికీలోంచి ఎండ నేరుగా నా ఒళ్లోకే పడుతోంది.

“ఏంది పాపా, అట్ల చున్నీ కప్పుతాండావు?” అని పక్కనున్న అవ్వ అడిగింది. చెప్పాను.

“అయితే పానముండేదే గదా. నువ్వు ఈడికి రా. గొర్లెంబడి తిరిగేదాన్ని, నాకు ఎండేం కొత్త గాదు.”

సీట్లు మారాం. ముద్దనూరులో అవ్వ దిగేదాకా ఆ ఎండ ఆమె ముఖం మీదే ఉంది.

దిమ్మె బతికింది. రిపోర్టులో కృతజ్ఞతలు రాస్తూ ఆగిపోయాను. ఆమె పేరు నేను అడగనే లేదు. ‘బస్సులో సీటు మారిన అవ్వకు’ అని రాశాను. ఇప్పటికీ ఆ రిపోర్టు తీస్తే ముందు ఆ పేజీయే చూస్తాను.