ప్లేటు దాచిన ఆవు

జెల్మా బూద్రో ఒకసారి సాక్షాత్తూ సైతానును నడిబాటలో ఆపి, బండి రిజిస్ట్రేషన్ కాగితం చూపించమంది. సైతాను కొమ్ములు వంచి, తోకను కాళ్ళ మధ్య దూర్చుకుని, ఒళ్ళంతా తడుముకున్నాడు. కాగితం దొరకలేదు. చలానా రాసి చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి సైతాను నోర్బేర్ రేవు వైపు రావడం మానేశాడు. మా ఊళ్ళో పాపాలన్నీ ఇప్పుడు మేమే సొంతంగా చేసుకోవలసి వస్తోంది.

నమ్మకపోతే కొరీన్ కొట్లో అడగండి. అక్కడ ఈ కథ వినకుండా ఎవరూ రొట్టె కూడా కొనరు.

జెల్మాకు అరవై దాటాయి. మనిషి పొట్టి, చూపు పొడుగు. మా రేవు దాకా రావడానికి రోడ్డుకు ఓపిక చాలలేదు, మధ్యలోనే ఆగిపోయింది. చలికాలమంతా మాకు మంచు మీద నడిచే మోటారుబండే గతి. పెళ్ళికూతురు ఎక్కేదీ అదే, శవం ఎక్కేదీ అదే. ఆ బళ్ళు తిరిగే బాటకు మంచుబళ్ళ క్లబ్బువాళ్ళు జెల్మాను కాపలా పెట్టారు. జీతం లేదు. నారింజరంగు చొక్కా, చలానాల పుస్తకం, వచ్చేపోయే ప్రతివాణ్ణీ ఆపే హక్కు ఇచ్చారు. ఆ హక్కు ఉన్నాక ఆమెకు జీతమెందుకు?

"బండికి నంబరు ప్లేటు ఉండాలి. ఉంటే సరిపోదు, కనపడాలి," అనేది. "దాన్ని మంచు కప్పకూడదు, బురద కప్పకూడదు, గుడ్డ కప్పకూడదు. నీ కబుర్లు అసలే కప్పకూడదు."

చావుబతుకుల్లో ఉన్నవాడి దగ్గరికి ప్రార్థన చెప్పడానికి వెళ్తున్న ఫాదరుగారిని కూడా ఆపి ప్లేటు తుడిపించింది. ఆకాశంలో పోయే బాతులు సైతం ఆమె నెత్తి మీదికి వచ్చేసరికి వరస సర్దుకునేవి. ఇది నేను కళ్ళారా చూశాను.

ఈ అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. పూర్వం పక్క ఊరికి ఏరు సముద్రంలో కలిసేచోట, గడ్డకట్టిన ఏటిమొగ మీదుగానే వెళ్ళేవాళ్ళం. అక్కడ మంచుగడ్డ పైకి రాయిలా కనిపిస్తుంది, అడుగున ఉప్పునీళ్ళు తొలిచేస్తూ ఉంటాయి. జెల్మా భర్త ఆల్దెరిక్ ఆ గడ్డను నమ్మాడు. బండితో సహా దిగిపోయాడు. ఆ తరవాత జెల్మా గడ్డను నమ్మలేదు, గడ్డ మీద తిరిగేవాళ్ళనూ నమ్మలేదు. ఊరంతా వెళ్ళి బతిమాలితే ముసలి ఒనెజీం తన అడవిలోంచి బాట వేసుకోనిచ్చాడు. అప్పట్నుంచి ఏటిమొగ జోలికి ఎవరూ పోలేదు.

ఆ ఒనెజీమే ఒక ఏడు చలికాలంలో గొలుసు పట్టుకుని బాట పక్కన నిలబడ్డాడు.

"ఎవడో నా అడవిలో పడి తొక్కుతున్నాడు జెల్మా. బాట మీద పోరా నాయనా అంటే, బాట వదిలేసి నా కుందేలు ఉచ్చుల మీదుగా పోతున్నాడు. ఒక్క కుందేలు పడితే ఒట్టు!"

"నంబరు చూశావా బాబాయ్?"

"చూస్తే నీతో పనేముంది? చీకటి పడేవేళ వస్తాడు. ప్లేటు మీద తెల్లగుడ్డ కట్టాడు, దొంగ వెధవ."

తెల్లగుడ్డ అనగానే జెల్మా కళ్ళు చిన్నవయ్యాయి.

"నడిమి పండగ నాటికి వాడెవడో చెప్పు," అన్నాడు ఒనెజీం. "చెప్పలేకపోతే ఈ గొలుసు బాటకు అడ్డంగా కట్టేస్తా. నా నేల, నా గొలుసు."

"కడితే జనం ఎటు పోతారు?"

"పాతదారి ఉందిగా."

పాతదారంటే ఏటిమొగ. ఆ మాట అన్నాక ముసలాడు ఆమె మొహం వైపు చూడలేదు. అన్నమాట వెనక్కి తీసుకోనూ లేదు.

ఇక జెల్మా ఎవరినీ వదల్లేదు. కొరీన్ తెల్లగుడ్డ అమ్ముతుంది కాబట్టి కొరీన్‌ను అనుమానించింది. పక్కింటి ఫిడేల్ ఈమధ్య మర్యాదగా పలకరిస్తున్నాడు కాబట్టి ఫిడేల్‌ను అనుమానించింది. ఉచ్చులు తనే తొక్కుకుని వంక పెడుతున్నాడేమోనని ఒనెజీంనూ అనుమానించి, అతని బూట్ల అడుగులు చూసి వచ్చింది. క్లబ్బు అధ్యక్షుడు లెయోనార్‌కు నవ్వాగలేదు. అతను ఆల్దెరిక్ తమ్ముడు, జెల్మాకు మరిది.

"వదినా, నన్ను కూడా కాస్త అనుమానించు. నలుగుర్లో చిన్నతనంగా ఉంది."

"నిన్ను అనుమానించాలంటే నీకు కాస్తయినా తెలివుండాలి కదయ్యా."

అంది గానీ, అతని కోటుకు అంటుకున్న గోధుమరంగు కంబళి పీచును రెండు వేళ్ళతో తీసి, వెలుతురుకు పెట్టి చూసి, జేబులో వేసుకుంది.

నడిమి పండగ రానే వచ్చింది. ఈస్టరు ముందు ఉపవాసాలు సగానికి వచ్చేసరికి మావాళ్ళకు ఓపిక అయిపోతుంది. ముసుగులు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. గొంతు దొరక్కుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. ఇంటివాళ్ళు పేరు పట్టేస్తే ముసుగు తీసెయ్యాలి. పట్టలేకపోతే మీగడ మిఠాయి నోట్లో వేసుకుని, ఎవరో ఏమిటో చెప్పకుండా దర్జాగా వెళ్ళిపోవచ్చు. పైగా మా ఊళ్ళో మనిషిని మొహం కంటే ముందు బండి నంబరే పట్టిస్తుంది. అందుకే మొహానికి ముసుగు వేసినవాడు ప్లేటుకూ ఒకటి తగిలిస్తాడు. జెల్మాకు ఈ పండగ పేరెత్తితే ఒళ్ళు మంట.

ఇక ఒనెజీం సంగతి. అతన్ని ఓడించినవాడు పుట్టలేదు. బూటు కింద మంచు నలిగిన చప్పుడు విని పేరు చెప్పేవాడు. ఒకసారి ముసుగువేసిన మనిషి తలుపు తట్టకముందే పేరు పెట్టి పిలిచాడనీ, ఆ మనిషి అప్పటికింకా ఇంట్లోంచి బయల్దేరనే లేదనీ చెప్పుకుంటారు.

ఆ మధ్యాహ్నం నుంచీ జెల్మా బాట చీలేచోట నిలబడింది. గడ్డం ఉన్న పెళ్ళికూతురు ఒకతె వచ్చింది, ప్లేటుకు లేసు చుట్టుకుని.

"విప్పు," అంది జెల్మా.

"అయ్యో, నలుగుర్లో పెళ్ళికూతుర్ని విప్పమంటారా!" అంది పెళ్ళికూతురు ఊపిరి లోపలికి లాగుతూ.

"ముసుగు నీ మొహానికి వేసుకో ఫిడేల్, ఎవరూ ఏడవరు. ప్లేటుకు మాత్రం కుదరదు. కాగితం తియ్."

ప్లేటూ కాగితమూ సరిపోయాయి. అయినా అతను కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంది. ఇద్దరు కన్యాస్త్రీలు వచ్చారు, ఒక ముంగిస వచ్చింది. అందరి ప్లేట్లూ విప్పించింది, అందరివీ సరిగ్గానే ఉన్నాయి. అలా ఉండటమే ఆమెకు నచ్చలేదు.

పొద్దు వాలుతుండగా అడవిలోపల బండి చప్పుడు. బాట మీద కాదు, ఉచ్చులున్న వైపు. జెల్మా తన బండి వదిలేసి, మోకాలిలోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి, స్ప్రూస్ చెట్ల మధ్య అడ్డంగా నిలబడింది. చెట్లలోంచి ముందు కొమ్ములు వచ్చాయి. తరవాత పెద్ద గోధుమరంగు తల. ఆ వెనక మంచుబండి మీద కూర్చున్న ఆవు. ప్లేటు మీద తెల్లటి పిండిసంచి.

"దిగు."

"అంబా," అంది ఆవు.

"రిజిస్ట్రేషన్ కాగితం."

"ఆవులకు జేబులుండవు తల్లీ," అంది ఆవు లోపలికి పీలుస్తూ.

జెల్మా సంచి పీకేసింది. నంబరు చూసింది. ముందు ఆ ప్లేటునే అనుమానించింది. వేరే బండి నుంచి తీసి దీనికి బిగించారేమోనని వంగి మరలు చూసింది. మరలు తుప్పుపట్టి, ఎవరూ తాకనట్టే ఉన్నాయి. జేబులోంచి కంబళి పీచు తీసి ఆవు మెడకు ఆనించింది. రంగు కలిసింది. అప్పుడు ఆవు మూతిని పైకెత్తితే కింద లెయోనార్ మీసాలు కనిపించాయి.

"నువ్వా!"

"అరవకు వదినా, ముసలాడికి వినపడుతుంది! అడవి వెనక పాత చేపల కొట్టంలో ఈ ఆవును కుట్టుకుంటున్నా. బాట మీద పోతే ఆయన కిటికీ ముందు నుంచి పోవాలి, బండి నాదని పట్టేస్తాడు. అందుకే ఇటు అడ్డం పడి, ప్లేటుకు సంచి కట్టా. ఈ ఒక్క ఏడాదైనా ఆయన్ని ఓడిద్దామనీ..."

"గొలుసు సంగతి తెలుసుగా నీకు?"

"ముసలాడు ఊరికే బెదిరిస్తున్నాడనుకున్నా. పండగైపోయాక నేనే చెప్పేద్దామని..."

"పండగయ్యాక ఎటు పోదామనుకున్నావు? మీ అన్నయ్య పోయిన దారినా?"

ఆవు తల కిందికి వాలిపోయింది.

"ముసుగు తీసేస్తా వదినా. వెళ్ళి ఒప్పేసుకుంటా."

"తీశావంటే కొమ్ములు విరుస్తా. బండి ఇక్కడే వదిలేసి పద ముసలాడి ఇంటికి."

ఒనెజీం వంటింట్లో బఠాణీ సూపు ఉడుకుతోంది. గొలుసు తలుపు పక్కన సిద్ధంగా ఉంది. ఆవును చూడగానే ముసలాడి కళ్ళు మెరిశాయి, జెల్మాను చూడగానే ఆరిపోయాయి.

"దొరికాడా?"

"దొరికాడు. నీ ఉచ్చులు తొక్కింది ఈ ఆవే. పేరు నువ్వే చెప్పుకో."

"నీకు తెలుసుగా, నువ్వే చెప్పు!"

"పండగపూట పట్టకుండా పేరు చెప్పకూడదు. ఆచారం నీకు తెలియంది కాదు బాబాయ్."

ఆచారం అన్నాక ఒనెజీం ఏమంటాడు? ఆవు చుట్టూ తిరిగాడు. వాసన చూశాడు. నడిపించాడు, కూర్చోబెట్టాడు, దగ్గించాడు.

"ఫిడేల్."

ఆవు తల అడ్డంగా ఊపింది.

"కొరీన్ మొగుడు. కాదా? ఫాదరుగారు!"

"ఫాదరుగారికి ఇంత పొట్టేది?" అంది జెల్మా.

ఆవు మూతి కింది నుంచి మీగడ మిఠాయి ఒకటి లోపలికి పంపి, నెమ్మదిగా తలుపు వైపు నడిచింది. ఒనెజీం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఓడిపోయావు బాబాయ్, దారివ్వు."

"పేరు చెప్పు జెల్మా. చెప్పకపోతే తిండి సయించదు నాకు."

"గొలుసు ఇచ్చెయ్యి. పేరు తీసుకో. మళ్ళీ బాట జోలికి రాకూడదు."

ముసలాడు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇదంతా మీరిద్దరూ కలిసి ఆడుతున్న నాటకం కాదు కదా?"

"నాటకం నాదైతే ఆవుకు ప్లేటు సరిగ్గా ఉండేది."

ఆ మాట మాత్రం అతను నమ్మాడు. జెల్మా గురించి అంత తేలిగ్గా నమ్మదగ్గ మాట ఇంకోటి లేదు. గొలుసు ఎత్తి ఆవు మెడలో పడేశాడు.

"ఇంద, తోలుకుపో నీ ఆవును! బాట మీ ఇష్టం. ఇప్పుడు చెప్పు."

ఆవు తానే తల తీసేసింది. మా ఊళ్ళో తిట్లంటే చర్చి సామాన్ల పేర్లే, ఒనెజీం వాటన్నిటినీ పేరుపేరునా పిలిచి తిట్టాడు. తిట్టి తిట్టి కుర్చీలో కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఉచ్చులన్నీ మళ్ళీ పెట్టి ఇచ్చే పని లెయోనార్‌దని తేల్చి, అతనికి సూపు పోశాడు.

జెల్మా సూపు ముట్టలేదు. చలానాల పుస్తకం తీసింది.

"వదినా! ఇంకా చలానా ఏమిటి?"

"ప్లేటు కప్పావు. కాగితం లేదు."

"ఆవుకు జేబులు..."

"కుట్టుకోవలసింది. ఏకంగా ఆవునే కుట్టినవాడివి."

ఆ గొలుసుతో జెల్మా ఇప్పుడు పడవ కట్టుకుంటోంది. బాట తెరిచే ఉంది. కొరీన్ కొట్లో మాత్రం ఆ ఆవు ఏటేటా ఎదుగుతూ వచ్చింది. ముందు ఎద్దయింది, తరవాత ముక్కుల్లోంచి పొగ వదిలింది, చివరికి సైతానైంది. మొన్న నేను కథ చెబుతూ ఆ పొగ దాకా వచ్చేసరికి జెల్మా అక్కడే ఉంది, పిండి సంచి చంకలో పెట్టుకుని. కొట్లో అందరూ ఆమె వైపు తిరిగారు.

"సైతాను కాదు, మా మరిది," అంది. "ఆవు వేషంలో ఉన్నాడు. ప్లేటు కనపడలేదు, చలానా రాశాను."