వయొలిన్లకు వన్స్ మోర్

తార్నాకలో మా కింది ఫ్లాట్ ఆవిడ పాత పాటల ఆర్కెస్ట్రా ఎక్కడున్నా నన్ను లాక్కెళ్లాలని చూస్తుంది. నేను కదలను. లాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి గాల్లో ఊపుతూ పాడే పెద్దమనుషుల్ని వినడానికి అంతదూరం పోవడమెందుకు? మా పక్క ఫ్లాట్ బాత్రూమ్‌లో ఒకాయన రోజూ అదే పని చేస్తాడు.

ఈసారి ఆవిడ నాకు ఆశ పెట్టింది. "ట్రాక్ గాదక్కా, అంత లైవే. స్టేజి నిండ వయొలిన్లేనట. నీ పాట గూడ పాడ్తరట. నడువు, గీడనే క్యాంపస్‌ల."

నా పాట అంటే కడపలో చిన్నప్పుడు రేడియోలో విన్నది. పల్లవికి ముందు వయొలిన్లు చాలాసేపు మోగుతాయి. అవి మొదలుకాగానే అనౌన్సర్ సినిమా పేరు, పాడినవాళ్లు, కోరినవాళ్ల ఊర్లు అన్నీ వాటి మీదే చదివేవాడు. సినిమాలో విందామంటే అక్కడ గుర్రపు బండి చప్పుడు. ఫోన్‌లో విందామంటే, నెట్‌లోకి ఎక్కించిన మహానుభావులెవరో ఆ ముక్కే కత్తిరించి పారేశారు. దాన్ని ఒక్కసారి పూర్తిగా వినాలని నా కోరిక. అందుకే వెళ్లాను.

యూనివర్సిటీ ఆడిటోరియంలో ముందు వరస సోఫాలు అతిథుల కోసం ఖాళీగా ఉన్నాయి. వ్యాఖ్యాత ఒక రిటైరైన ప్రొఫెసర్. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పాఠం వినని పిల్లల మీద కక్ష మా మీద తీర్చుకుంటున్నాడు. ప్రతి పాటా ఆయనకు ఆణిముత్యమే. అన్నీ ఆణిముత్యాలైతే ఇక గులకరాయి ఎక్కడ దొరుకుతుందో ఆయనే చెప్పాలి.

నా పాట వచ్చింది. వయొలిన్లు మెల్లగా లేచాయి. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుని ముఖ్య అతిథి వచ్చాడు. ప్రొఫెసర్ వాయిద్యాలను చేత్తో ఆపేసి చప్పట్లు కొట్టమన్నాడు. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, ఫొటో సరిగ్గా పడలేదని కప్పిన శాలువానే తీసి మళ్లీ కప్పారు. అతిథి తనకు మాట్లాడటం రాదంటూ మొదలుపెట్టి, ఆ సంగతి చాలాసేపు రుజువు చేశాడు. తర్వాత ప్రొఫెసర్ "సమయాభావం వల్ల నేరుగా పల్లవికి వెళ్దాం" అన్నాడు.

పాట అయ్యాక నేను "వన్స్ మోర్" అని అరిచాను. గాయకుడు గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, పల్లవి మళ్లీ ఎత్తుకున్నాడు.

లేచి నిలబడ్డాను. "మీకు కాదు సార్. పల్లవికి ముందుండే వయొలిన్లకు."

హాలు గొల్లుమంది. వెనక వరసల్లో హాస్టల్ పిల్లలు ఈలలు వేశారు.

"అమ్మా, సమయాభావం..." అన్నాడు ప్రొఫెసర్.

"మీరు మాట్లాడకుంటే బోలెడంత ఉంటుంది సార్."

నా పక్కన కింది ఫ్లాట్ ఆవిడ కూడా లేచింది. "ఓ సారూ, జర మైక్ బంద్ వెట్టుండ్రి. ఆమె వినకుంట ఇంటికి రాదు, నాకు వంట ఉన్నది."

వాద్యబృందాన్ని నడిపించే ఆయన మా వైపు ఒకసారి చూసి చెయ్యెత్తాడు.

ప్రొఫెసర్ మైక్ ఆపేశాడు. వయొలిన్లు నాకు తెలిసినంత మేర పైకి వెళ్లి, నాకు తెలియని చోట సన్నబడి, దాదాపు ఆగిపోయి, కిందికి దిగి మళ్లీ లేచాయి. ఇన్నేళ్లూ ఆ దిగుడు మీదే ఊర్ల పేర్లు చదివారన్నమాట.

గాయకుడు గొంతు సవరించుకున్నాడు. నేను చెప్పులు తొడుక్కున్నాను.

"పాట ఇనవా అక్కా?"

"అది ఎన్నిసార్లు వినలేదు? నడువు, నీకు వంట ఉందిగా."

గుమ్మం దాటుతుంటే వెనక ప్రొఫెసర్ మైక్ మళ్లీ పలికింది, ఇంకో ఆణిముత్యం గురించి.