అమ్మ చారుకి చెంబెడు నీళ్లు

మా అమ్మ యర్రమ్మ చారులో నీళ్లు పోసేది. అందరూ పోస్తారు. కానీ అమ్మ చారు పొయ్యి దిగాక కూడా పోసేది, గిన్నెలోకి వచ్చాక కూడా పోసేది. ఒకసారి నాన్న కంచంలోకి వచ్చాక కూడా పోసింది.

పోర్ట్ బ్లెయిర్‌లో, డెలానీపూర్‌లో మా క్వార్టరు. పప్పూ చింతపండూ షిప్పులో రావాలి గనక అమ్మ ఒక్క చింతపండు ఉండని మూడు రోజులు పిసికేది. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, చెంబు చేతిలో ఉండేది.

“ఇందులో పప్పెక్కడుందే?” అని అడిగారు నాన్న ఓసారి.

“ఈదుకుంటా పోండి, తగుల్తాది,” అంది అమ్మ.

నాకు పన్నెండేళ్లప్పుడు సునామీ వచ్చింది. సిప్పీఘాట్‌లో పొలాలూ ఇళ్లూ సముద్రపు నీళ్లలో మునిగాయి. అక్కడివాళ్లని తెచ్చి మా వీధి బడిలో ఉంచారు. అన్నం వండారు గానీ కలుపుకోవడానికి ఏమీ లేదు. మా ఇంట్లో రెండు సోలల కందిపప్పు, పిడికెడు చింతపండు మిగిలాయి. మళ్లీ షిప్పు ఎప్పుడొస్తుందో తెలియదు. అమ్మ ఉన్నదంతా కాచేసి, పెద్ద గుండిగకి ఒకవైపు నన్ను పట్టమని బడికి మోయించింది.

వరసలో మొదటివాడు రామ్‌ప్రసాద్, సిప్పీఘాట్‌లో కూరగాయలు పండించేవాడు.

“చారు?” అంది అమ్మ గరిటె ఎత్తి.

“నహీ దీదీ, పాంచ్,” అన్నాడతను.

హిందీలో చార్ అంటే నాలుగు. అమ్మ ఐదు గరిటెలు పోసింది. మా ఇంట్లో నాన్నకే రెండో గరిటె దక్కేది కాదు. వెనకవాడినీ “చారు?” అని అడిగింది. “ఛే,” అన్నాడు. ఆరు గరిటెలు. గుండిగ అడుగు కనిపిస్తోంది, వరస గేటు దాటి ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“అమ్మా, వాళ్లు ఇంట్లో మనుషుల లెక్క చెప్తున్నారు,” అన్నాను చెవిలో.

“నాకు తెల్దేటి? ఇరవై ఏళ్లయి ఈ దీవిలో ఉన్నాను. ఎంతమంది మిగిలారని మొకం మీద అడుగుతామేటే? పో, ఇంట్లోంచి వేణ్నీళ్లట్టుకురా.”

అప్పుడర్థమైంది నాకు ఆ చెంబు సంగతి. అమ్మది పిసినారితనం కాదు, వచ్చినవాళ్లకి లేదని చెప్పాల్సి వస్తుందేమోనన్న భయం. ఆ పూట ఎనిమిది చెంబులు మోశాను. అందరికీ అందింది.

చివర ఫూల్మనీ అనే ముసలావిడ నిలబడింది.

“చారు?” అంది అమ్మ.

ఆవిడ గిన్నె ముందుకు చాపింది. “ఏక్,” అంది.

అమ్మ గరిటె దించేసింది. “హమ్ తీన్ హై. నువ్వొస్తే చార్. చలో,” అని చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చి, గుండిగ అడుగున మిగిలిన చారు ఒక్క గుక్క తాగి, “పానీ జ్యాదా హై,” అంది ఫూల్మనీ, నీళ్లెక్కువని. నాన్న కంచంలోకి వంగి నవ్వాపుకున్నారు. షిప్పు వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో చారు ఆవిడే కాచింది, ఆరేళ్లు. చిక్కగా, ఘుమఘుమలాడుతూ ఉండేది. ఆవిడ స్నానానికి వెళ్లి, అమ్మ చేతికి చెంబు వచ్చేదాకా.