బాడుగ కిరీటం మీద పాడిన పెద్దమ్మ

"ఎదురింటి పెద్దమ్మ పోయింది మే" అని అమ్మ ఫోన్లో చెప్పగానే ఎవరైనా అడిగే మాట "ఎట్లా?" అని. నేను మాత్రం "ఎవురొచ్చినారు?" అని అడిగాను.

కుప్పంలో ఎక్కిన బస్సు అప్పటికి వెంకటగిరికోట దాటింది. పక్క సీటులో ఉన్నామె నా గొంతు విని తన బుట్టను ఒళ్ళోకి లాక్కుంది.

"ఎవురూ రాలేదు. పొద్దన్నే గుండెల్లో నొప్పనింది. ఆస్పత్రికి తీసుకపోయేలోపలే అయిపోయింది. యాల అట్లడుగుతావు?" అంది అమ్మ. ఎందుకు అడిగానో ఆమెకూ తెలుసు.

ఎవరూ రాలేదని విన్నాక ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. చావు కబురు వింటే మనిషికి ముందు దుఃఖం రావాలి. కానీ కొన్ని నెలలుగా మా వీధిలో ఏ కబురు వచ్చినా ముందు భయమే తలుపు తీస్తోంది. అది ఎట్లా మొదలైందో చెప్పాలంటే ముందు పెద్దమ్మ ఎవరో చెప్పాలి.

మాకు ఆమెతో చుట్టరికం లేదు. మదనపల్లెలో మా ఇంటికి ఎదురిల్లు, అంతే. పుట్టింది కురబలకోట దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లో. పెండ్లయి టౌనుకు వచ్చి, భర్త పోయాక ఆయన చిల్లర అంగడిని తానే నడిపింది. అయితే ఆమెను చుట్టుపక్కల ఊళ్ళకు తెలిపింది అంగడి కాదు, గొంతు. పెండ్లి భోజనాల్లో ఆడపెండ్లివాళ్ళ తరఫున కూర్చుని మగపెండ్లివాళ్ళను ఎగతాళి చేస్తూ పాటలు పాడేది. కలకడ నుంచి కుప్పం దాకా ఎవరింట్లో పెండ్లయినా "ఆయమ్మను పిలిచినారా?" అని అడిగేవాళ్ళు.

చిన్నప్పుడు పుంగనూరులో ఒక పెండ్లికి నన్ను వెంట తీసుకెళ్ళింది. ఆకులు వేశారు, పప్పు వడ్డించారు, ఒబ్బట్లు వస్తున్నాయి. పెండ్లికొడుకు తల్లి ఎదురు వరసలో ముక్కుపుడక సవరించుకుంటూ కూర్చుంది. పెద్దమ్మ ముద్ద కలుపుతూనే గొంతెత్తింది. ముందు సొంతవాళ్ళ మీద రెండు మాటలు పాడి, తర్వాత ఆ ముక్కుపుడక వెలుగు చూసి తెల్లారిందనుకుని కోడి అర్ధరాత్రి కూసిందని పాడింది. పందిరంతా నవ్వు. నేను మాత్రం ఆమె కొంగు పట్టుకున్నాను. ఇప్పుడు కొడతారు, కచ్చితంగా కొడతారు అనుకున్నాను. ఆ వియ్యపురాలు నవ్వి నవ్వి పొలమారింది. పెద్దమ్మ లేచి వెళ్ళి ఆమె తల మీద తట్టి, తన చేత్తో ఆమె ఒబ్బట్టు మీద నెయ్యి పోసింది.

"నీకు బయం కాలేదా పెద్దమ్మా?" అని అడిగాను దారిలో.

"అయితాది. కానీ ముందు మనింటోళ్ళ మీద పాడేస్తాను గదా. మన ముక్కు మనమే కోసుకున్నాక ఎదుటోళ్ళ ముక్కు గిల్లితే ఎవురూ ఏమనరు పాపా."

ఆమె పద్ధతి అది. పాట ఎప్పుడూ సొంత ఇంటి మీద మొదలుకావాలి. ఇంకో మాట కూడా తరచూ అనేది: "ఎగతాళి ఎదురుగా చెయ్యాల. ఎనకాల చేస్తే దాన్ని చాడీ అంటారు."

నేను డిగ్రీలో కంప్యూటరు మీద బొమ్మలు కదిలించడం నేర్చుకున్నాను. ఒక చోట కాలు నిలవదని అమ్మ చేత తిట్లు తినే నేను, ఒక బొమ్మ చెయ్యి పైకెత్తడానికి మాత్రం పూటంతా కదలకుండా గీస్తాను. కుప్పంలో పీజీ చేరాక సొంతంగా ఒక కార్టూను సినిమా మొదలుపెట్టాను. ఒక రాజుగారి కూతురి పెండ్లి కథ. పెండ్లికి దేశదేశాల నుంచి అతిథులు వస్తారు. ఇంగ్లీషు దొర అరిటాకు ముందు మడత కుర్చీ వేసుకుని, ఆకు అందక గొడుగుతో అన్నం లాక్కుంటాడు. జర్మనీ ఆయన ముహూర్తం ఆలస్యమైందని పురోహితుడి ముందు గడియారం పట్టుకుని నిలబడతాడు. జపాను ఆయన, మా రాజుగారు ఒకరికొకరు వంగి దండం పెట్టుకుంటూ తలలు ఢీకొట్టుకుంటారు. అమెరికా ఆయన పెండ్లికూతుర్ని పక్కకు జరిపి తలంబ్రాలతో తన ఫోటో తీసుకుంటాడు. మగపెండ్లివాళ్ళు మాత్రం మనవాళ్ళే, పొరుగు రాజ్యం.

పెద్దమ్మ అంగడిలో బస్తా మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో అదంతా చూసింది.

"ఆ దేశపోళ్ళు నిజంగా అట్లే ఉంటారా?"

"ఉండరు పెద్దమ్మా. ఉంటారని అందరూ అనుకుంటారు. ఆ అనుకోవడం మీదే నవ్వు."

"నువ్వు ఒక్కర్నన్నా సూసినావా?"

"లేదు."

"ముక్కు సూడకుండా ముక్కు మీద పాడకూడదు మే."

"మరి వాళ్ళ సినిమాల్లో మనం పాములు ఆడించుకుంటా ఏనుగుల మీద తిరగతాండామే, వాళ్ళు మనల్ని సూసి చేసినారా?"

ఆమె మళ్ళీ తెర మీది రాజును చూసింది. "అట్లయితే మన రాజును గూడా పాములతోనే పెట్టు. కిరీటంలో ఒగటి, మీసంలో ఒగటి. అప్పుడు పాడతా."

పెట్టాను. ఆమె పాడింది. బయటి చప్పుడు పడకుండా బొంత కప్పుకుని నా ఫోను ముందు కూర్చుంది. "పెండ్లి పాటను బొంతలో దూరి పాడేది ఇదే మొదులు, దొంగతనం మాదిరి ఉండాది" అని నవ్వింది. ఎప్పటిలాగే సొంత ఇంటి మీద మొదలుపెట్టింది:

"మాయింటి రాజుకు మీసాలె మాన్యాలు,
మాయింటి రాణికి మాటలే సొమ్ములు,
సంగటీ ముద్దంత మా ఊరి గొప్పలు
సారులో కరిగేను సూడండమ్మా!"

తర్వాత వియ్యాలవారి వంతు:

"ఏనుగెక్కొచ్చిరి వియ్యాలవారు,
దిగలేక ఏడ్చిరి సూడండమ్మా!
బాడుగ కిరీటము జారెనోయమ్మా,
పట్టుకో బావయ్య రెండుచేతులా!"

నెట్‌లో పెట్టాక కొన్నాళ్ళు బాగా గడిచింది. కూరగాయలకు పోతే "పట్టుకో బావయ్య" అని ఆమెను ఏడిపించేవాళ్ళు. ఆ తర్వాత ఎవరో ఆ పాటలోంచి రెండో ముక్క మాత్రమే కత్తిరించారు. దానికి ముందు ఒక ఫోటో అతికించారు. పుంగనూరు పక్కన ఒక పెద్దమనిషి ఆ ఏడే కూతురి పెండ్లి రాజుల పద్ధతిలో చేశాడు. గుర్రాలు, కత్తులు పట్టుకున్న భటులు, సింహాసనాలు. ఆ ఫోటోలో పెండ్లికొడుకు కిరీటం నిజంగానే చెవి మీదికి జారి ఉంది. నేను ఆ ఫోటోను అంతకుముందు చూడలేదు. ఆ మాట ఎవరు నమ్ముతారు? ఆ ముక్క ఫోను నుంచి ఫోనుకు తిరిగింది. బొమ్మలు ఎవరు గీశారో ఎవరికీ తెలియదు. సినిమాలో నా పేరు పెట్టలేదు. గొంతు ఎవరిదో మాత్రం అందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం మా వీధిలోకి రెండు కార్లు వచ్చాయి. సెలవులకు వచ్చిన నేను మా కిటికీ వెనక ఉన్నాను. అంగడి ముందు నలుగురు దిగారు. ముందున్నది ఆ పెద్దమనిషి బామ్మర్ది, నలభై దాటిన మనిషి. అతను అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఆ పాట పాడింది నువ్వేనా అమ్మా?"

"గొంతు ఇంటే తెలీలేదా నాయనా? నీ పెండ్లిలో పాడింది గూడా నేనే. మీయమ్మ ముక్కుపుడక మీద."

పుంగనూరులో పొలమారిన ఆ వియ్యపురాలి కొడుకే ఇతను. అతను నేల చూశాడు. మళ్ళీ తలెత్తాడు.

"ఆ పొద్దు పందిట్లో వోళ్ళే ఇన్నారు. మాయమ్మ నవ్వింది, అందరూ నవ్వినారు, అయిపోయింది. ఇప్పుడు నా మేనకోడల్ని ఆఫీసులో 'బాడుగ కిరీటం' అని పిలస్తాండారు. ఆ పిల్ల ఏడస్తాంది. ఎవురికి నెయ్యి పోస్తావు నువ్వు?"

పెద్దమ్మ తక్కెడ కింద పెట్టింది.

"బొమ్మలు గీసినోళ్ళెవరు?" అన్నాడు వెనకున్న కుర్రవాళ్ళలో ఒకడు. వాడి చేతిలో ఫోను అప్పటికే ఆమె ముఖాన్ని తీస్తోంది.

కిటికీ ఊచ నా చేతికి చల్లగా తగిలింది. ఆమె ఒక్కసారి కూడా మా ఇంటి వైపు చూడలేదు.

"ఎవురో వచ్చినారు, పాడమనిరి, పాడినా. నాకు పోను సూసేదే రాదు నాయనా. రండి, కాపీ తాగండి."

ఒక నెలంతా నా పక్కన కూర్చుని, ఏనుగు తోక పొట్టిగా ఉందని నాతో మూడుసార్లు గీయించిన మనిషి ఆ మాట చెప్పింది. వాళ్ళు కాఫీ తాగలేదు. "అది తీసేయించు. లేకుంటే మళ్ళా మాట్లాడేది నేను కాదు, వీళ్ళు" అని కుర్రవాళ్ళను చూపించి వెళ్ళిపోయాడు.

తీసేయాలా వద్దా అని నేను ఆమెతో వాదించడానికి సిద్ధమై వెళ్ళాను. ఆమె అంగడి తలుపు దగ్గరికి వేసి కూర్చుని ఉంది. పట్టపగలు ఆ తలుపు మూసి ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"తీసెయ్ పాపా. నాకు బయంగా ఉండాది" అంది.

అదే రోజు తీసేశాను. కత్తిరించిన ముక్క మాత్రం ఆగలేదు. దాన్ని తీసేయడం నా చేతుల్లో లేదు. కారు శబ్దం వినిపిస్తే ఆమె తూకం వేస్తున్న చెయ్యి ఆగేది. "ఒంటరిగా బస్సెక్కొద్దు, ఫోను ఎత్తకుండా ఉండొద్దు" అని నాకు జాగ్రత్తలు చెప్పేది. పెండ్లి పిలుపులు వచ్చేవి గానీ, పత్రిక చేతికిచ్చి "రా పెద్దమ్మా, బోంచేసి పో. పాటొద్దులే" అనేవాళ్ళు. వెళ్ళేది. తలవంచుకుని తిని వచ్చేది. ఒకసారి తోడు వెళ్ళాను. మగపెండ్లివాళ్ళ వరసలో ఒకాయన పెద్ద తలపాగా సాంబారులో మునుగుతోంది. నేను ఆమెను మోచేత్తో పొడిచాను. పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. చుట్టూ ఫోన్లు చూసి మజ్జిగ పోసుకుంది.

ఆమె చావుకు ఆ భయమే కారణమని నేను అనను. డాక్టరు గుండె అన్నాడు. డెబ్బై దాటిన గుండె.

పదకొండో రోజు, కర్మ నాటి పొద్దున, కురబలకోటలో ఇచ్చిన ఆమె కూతురు ఎదురింటి నుంచి మా ఇంటికి వచ్చింది. "మాయమ్మ గొంతు యాడా లేదు మే. ఇన్ని పెండ్లిండ్లలో పాడింది, ఒక్కరూ దాచిపెట్టలేదు. నీ దగ్గర ఉండాది గదా, మద్యాన్నం అందురూ ఉన్నెప్పుడు పెట్టు."

"అక్కా, పెడితే బొమ్మలు గీసింది నేనని తెలిసిపోతాది."

"తెలుసు" అంది ఆమె. బలవంతం చేయలేదు. నా చెయ్యి పట్టుకుని అట్లాగే నిలబడింది.

మధ్యాహ్నానికి పెద్దమ్మ ఇల్లు నిండింది. ఎవరూ ఊహించని మనిషి కూడా వచ్చాడు, దండ తీసుకుని. ఆ రోజు అంగడి ముందు నిలబడిన పుంగనూరు మనిషి, ఒక్కడే. తన పెండ్లిలో పాడిన ఆమె కదా, రావాలి మరి. అతను లోపలికి రాగానే ఎవరో కుర్చీ వేశారు. కూతురి మాట కాదనలేక నా ల్యాప్‌టాప్‌ను అప్పటికే టీవీకి తగిలించి పెట్టాను. వైరు పీకేసి వెళ్ళిపోదామని లేచాను. పెద్దమ్మ కూతురు నా వైపు చూసింది.

"సావింట్లో పెండ్లి పాటేందే?" అని ఒక ముసలామె గొణిగింది. నేను పెట్టేశాను.

మొత్తం సినిమా, మొదటి నుంచి. పాముల మీసాల రాజు. గొడుగుతో అన్నం లాక్కునే దొర. తర్వాత పెద్దమ్మ గొంతు, బొంతలోంచి కాస్త మందంగా, "మాయింటి రాజుకు మీసాలె మాన్యాలు" అంటూ. కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతా వాళ్ళెవరూ టీవీ చూడడం లేదు. అందరూ అతని ముఖమే చూస్తున్నారు. కిరీటం జారింది. బావయ్య రెండు చేతులా పట్టుకున్నాడు.

సినిమా అయిపోయింది. అతను వెనక్కి తిరిగి నన్ను వెతుక్కున్నాడు.

"గీసింది నువ్వా?"

"అవునప్పా."

"సొంతింటి మీద పాడిన ఆ మొదటి ముక్క నేనెప్పుడూ ఇనలేదు" అన్నాడు. తర్వాత, "ఇంగోసారి పెట్టు. మొదట్నుంచి."

ఎందుకని అడిగే ధైర్యం లేక మళ్ళీ పెట్టాను. అతను కుర్చీని నేల మీద బరబరా లాగి టీవీకి దగ్గరగా వేసుకున్నాడు. ఆమె పాట ఎత్తుకుంది. వెనకనున్న మాకు అతని ముఖం కనిపించడం లేదు. కిరీటం జారే చోటికి వచ్చేసరికి అతని భుజాలు కదలడం మొదలైంది. నవ్వుకో, ఏడుపుకో, కోపానికో తెలియలేదు. మేమంతా ఆ భుజాలనే చూస్తున్నాం.