ముందే ఇచ్చిన పొట్టేలు

మొన్న ఆదివారం ఆరాధన చివర, ఇంకా ఆశీర్వాదం పలకకముందే, మా సంఘకాపరిగారు ఈ ఏడు కాలేజీల్లో సీట్లు వచ్చిన పిల్లలందరినీ ముందుకు రమ్మన్నారు. పిల్లలు వరసగా నిలబడి, మైకు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ, పేరు, ర్యాంకు, ఏ ఊళ్ళో ఏ కాలేజీ, ఏ కోర్సు అన్నది చెప్పుకుంటూ పోయారు. ఒక్కొక్కరికీ చప్పట్లు. నేనూ కొట్టాను. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అది నా కూతురి కూతురు కూర్చునే కుర్చీ. ఆ పిల్లకు సీటు రాలేదు. మనవరాలు గుడికి రాలేదేమని వెనక వరసలో ఒకావిడ అడిగితే, జ్వరమని మా అమ్మాయి చెప్పింది, నేను అవునన్నట్టు తలాడించాను. బైబిలు ఒళ్ళో పెట్టుకుని మరీ తలాడించాను. జ్వరం లేదని నాకు తెలుసు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా తలుచుకోని ఒక పొట్టేలు గుర్తొచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ కింద చదువుకున్న నా ఈడు వాళ్ళకు ఈ సంగతి చెబితే నవ్వరని నమ్మకం. నవ్వినా ఫరవాలేదు, అప్పుడు ఊరంతా నవ్వింది.

మా ఊరు మార్కాపురానికీ కంభానికీ నడుమ, నల్లమల కొండలు కనిపించేంత దూరంలో ఉన్న చిన్న పల్లె. అప్పట్లో మాది కర్నూలు జిల్లా. వాన పడితే కొర్ర, సజ్జ, పడకపోతే మేకలు, గొర్రెలు. మా తాత కాలంలోనే మా పేటంతా బాప్తిస్మం తీసుకుంది. నాయన గొర్రెలు కాసేవాడు. మా మేనమామ పలకల గనిలో మేస్త్రీగా ఉండేవాడు. మా వైపు ఎక్కడ తవ్వినా పలకరాయే కదా, దేశంలో పిల్లలంతా అక్షరాలు దిద్దుకున్న పలకలు మార్కాపురం నుంచే రైలెక్కి పోయేవి, అయినా మా పేటలో పలక పట్టిన మొదటి ఆడపిల్లను నేనే. అది కూడా అంచు విరిగిన పలక, గని దగ్గర పారేసిన ముక్కల్లోంచి మామ ఏరి తెచ్చిచ్చింది. ఆ పలక చదువు నన్ను మెల్లగా మిషను దొరసానమ్మ నడిపే ఆడపిల్లల బోర్డింగు స్కూలు దాకా, అక్కడి నుంచి ఎస్.ఎస్.ఎల్.సి. దాకా లాక్కుపోయింది. ఆ రోజుల్లో పరీక్షలో నెగ్గిన వాళ్ళను పాసయ్యారనేవారు కాదు, కాలేజీకి ఎలిజిబుల్ అయ్యారనేవారు. మా అమ్మ ఆ ఇంగ్లీషు మాటను దేవుని వాక్యంలోని మాటలాగా భయభక్తులతో పలికేది.

మా గుడి మట్టిగోడల గుడి. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, కింద ఈతచాపలు. నాయన ఎప్పుడూ వాకిలి దగ్గరే కూర్చునేవాడు. ఒంటికి గొర్రెల వాసన ఉంటుందని కొంత, బయట మంద మీద ఒక కన్ను వేసి ఉంచాలని కొంత. ఆయన గుడిలో నోరు విప్పడం నేను ఎరగను, పాటకు కూడా పెదవులు కదిపేవాడే తప్ప గొంతు వినిపించేది కాదు. అమ్మ అట్లా కాదు. సంఘంలో ప్రార్థన చెయ్యమంటే అందరికంటే ముందు అమ్మ లేచేది. చదువు రాకపోయినా వాక్యం విని విని సువార్తలు సగం నోటికి వచ్చేవి, ఆమె ప్రార్థన మొదలుపెడితే చంకలో ఏడ్చే బిడ్డలు కూడా ఊరుకునేవారు.

కానుకల సంగతి కూడా చెప్పాలి. చేతిలో డబ్బాడని కాలం కాబట్టి ఎవరి ఇంట్లో మేలు జరిగితే వాళ్ళు ఒక కోడినో, చేటెడు కొర్రలో, గుమ్మడికాయో తెచ్చి గుడిలో దేవుని బల్ల ముందు పెట్టి కృతజ్ఞత చెప్పేవారు. ఆరాధన అయ్యాక గుడి బయట వాటిని వేలం వేస్తే సంఘం వాళ్ళే పాడుకుని ఇళ్ళకు తీసుకుపోయేవారు. పిల్లల పరీక్షల ఫలితాలు వచ్చిన ఆదివారం మరీ సందడి. రెండో తరగతి నుంచి మూడో తరగతికి పోయిన వాడు కూడా లేచి నిలబడి ఆ మాట సంఘానికి చెప్పుకోవాలి, వాళ్ళమ్మ ఒక గుడ్డయినా తెచ్చి పెట్టాలి.

నేను పరీక్ష రాసి ఇంటికి వచ్చిన ఎండాకాలంలో అమ్మకు ఒక తలంపు పుట్టింది. చచ్చిపోయి నాలుగు దినాలైన లాజరు సమాధి ముందు నిలబడి ప్రభువు స్తోత్రం చెప్పింది లాజరు లేచాక కాదు, లేవకముందే గదా అని. మా గుడి పాస్టరు అయ్యగారు ఎప్పుడో చేసిన ప్రసంగంలోని మాటే అది, ఆయన మరిచిపోయాడు, అమ్మ మరిచిపోలేదు. ఒక ఆదివారం నాయన మందలో అన్నిటికంటే మంచి పొట్టేలును, ఒళ్ళంతా తెలుపు, ఒక్క చెవి మటుకు నలుపు, తాడు కట్టి తీసుకొచ్చి బల్ల ముందు నిలబెట్టింది. మా పాపకు కాలేజీ చదువు ఇచ్చినందుకు అని చెప్పింది. గుడిలో అందరూ నా వైపు తిరిగారు. ఫలితాలు ఇంకా రాలేదు కదా, రానివ్వమ్మా, అప్పుడే ఇద్దువు గాని అని అయ్యగారు మెల్లగా నచ్చజెప్పబోయాడు.

అమ్మ తల వంచుకునే, అందరికీ వినపడేట్టు చెప్పింది. "వచ్చినాక ఇచ్చేది లెక్క అయితాది అయ్యగారూ. రాకముందు ఇచ్చేదే నమ్మకం."

సంఘమంతా లేచి స్తోత్రగీతం పాడింది. బయట వేలంలో మా మామ పోటీపడి ఆ పొట్టేలును పాడుకున్నాడు, చెల్లెలి కానుక పరాయి ఇంటికి పోకూడదని. నేను పరీక్ష ఎట్లా రాశానో నన్నెవరూ అడగలేదు. అడిగినా బాగా రాశాననే చెప్పేదాన్ని, ఎందుకంటే అమ్మ పక్కన నిలబడి పాడుతుంటే నాకూ అట్లాగే అనిపించింది. మా ఇంట్లో పరీక్ష పోవడం కంటే సందేహపడడం పెద్ద పాపం.

ఫలితాలు మద్రాసు పేపర్లో వచ్చేవి, పేపరు రైల్లో వచ్చేది. నాయన నా నెంబరు రాసిన చీటీ తలగుడ్డలో చుట్టుకుని మార్కాపురం రోడ్డు స్టేషనుకు నడిచిపోయినాడు. చదువు రాని మనిషి కాబట్టి స్టేషన్లో కనపడిన చదువుకున్న వాళ్ళందరి చేతా చదివించినాడట, రైలుకు తొందరపడుతున్న ఒక వకీలు దొరగారు విసుక్కున్నా వదల్లేదట. పొద్దు వాలేటప్పటికి తిరిగి వచ్చి, మంచినీళ్ళు కూడా అడక్కుండా, నెంబరు లేదంట అని చెప్పి మంద దగ్గరికి పోయాడు. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. జొన్నరొట్టె పెనం మీద మాడిపోయింది. మా ఇంట్లో ఆ వాసన అంతకుముందెప్పుడూ నేను ఎరగను.

అంతటితో అయిపోతే నేను ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. పొట్టేలు అవనివ్వలేదు. సాయంత్రం మా మంద మేత నుంచి తిరిగి వచ్చే వేళకు, ఆ అరుపులు వినగానే, వీధి ఆ చివర మామ దొడ్లో కట్టేసిన పొట్టేలు తాడు తెంపుకునేది. పేట నడిమి వీధి మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చి మా మందలో దూరేది. నాయన దాన్ని వెతికి పట్టుకుని, మెడ మీద వేసుకుని, అదే వీధి వెంట మళ్ళీ మామ ఇంటికి మోసుకుపోయేవాడు. పిల్లలు దానికి కాలేజీ అని పేరు పెట్టారు. పొద్దుగుంకితే చాలు, అరుగుల మీద నుంచి కేకలు, అదో కాలేజీ వస్తాంది చూడండి, అదో కాలేజీ మళ్ళీ పోతాంది అని. పెద్దవాళ్ళు కసురుకునేవారు గాని, కసురుకుంటూనే నవ్వేవారు. ఒకనాడు మామే వచ్చి వాకిట్లో నిలబడి, మేనమామ సరసంగా, "ఏమమ్మీ, నీ కాలేజీకి మా ఇంట్లో గడ్డి చాలడంల్యా?" అన్నాడు. వేరే రోజైతే నేనూ ఎదురు మాట అని నవ్వేదాన్నే. ఆ పొద్దు లోపలికి పోయి గాదె వెనక కూర్చున్నాను. తర్వాత తెలిసింది, మామ అసలు వచ్చింది ఆ పొట్టేలును వెనక్కి ఇచ్చేద్దామని. మేలు జరగనప్పుడు కృతజ్ఞత ఏంది, తీసుకోండి అన్నాడట. దేవుని బల్ల ముందు పెట్టింది ఇంటికి తెచ్చుకునేది లేదని అమ్మ కరాఖండిగా చెప్పిందట.

ఆ ఎండాకాలమంతా నేను వీధిలోకి పోలేదు. నీళ్ళకు పోలేదు, పొలానికి పోలేదు. ఫలితాల ఆదివారం మటుకు గుడికి పోక తప్పలేదు, మా ఇంట్లో ఆదివారం మానడమనేది లేదు. అయ్యగారు నా ముఖం చూసి ఆ యేటికి ఆ వరసే ఎత్తకుండా దాటేద్దామనుకున్నాడు గాని, పిల్లలు ఊరుకుంటారా, ఒకడు లేచి మూడో తరగతి అన్నాడు, ఇంకొకడు లేచి నాలుగో తరగతి అన్నాడు. గుడ్లు, గుమ్మడికాయలు బల్ల మీదికి వచ్చాయి. నా వంతు లేదు. కానీ ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం నా వంతే అని అందరికీ తెలుసు. ప్రార్థన చెయ్యమని అయ్యగారు అమ్మ వైపు చూశాడు. అమ్మ లేవలేదు.

అప్పుడు వాకిలి దగ్గర చాప కదిలిన చప్పుడైంది. నాయన లేచి నిలబడ్డాడు. చేతిలో తలగుడ్డ ఉంది, దాన్ని చుట్టడం, విప్పడం, చుట్టడం. మాట్లాడడం అలవాటు లేని మనిషి కాబట్టి ప్రార్థనలో అన్నట్టు కళ్ళు మూసుకుని మాట్లాడాడు. "మా పాపకు కాలేజీ రాలేదు. పొట్టేలు మటుకు దేవునికే ఇచ్చినాం, అది మాది కాదు. దాన్ని కాలేజీ అని పిలవొద్దని పిల్లోళ్ళకు చెప్పండయ్యా. పాప ఇంట్లో నుంచి బయటికి వస్తాలేదు."

అని కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ పేరు మా పేటలో మళ్ళీ వినపడలేదు. పొట్టేలును ఆ సాయంత్రం నుంచి మామే పట్టుకుని తీసుకుపోయేవాడు, నాయన మోయనవసరం లేకుండా. ఇంత మేలు జరిగితే నాకు ఓదార్పు కలగాలి కదా. కలగలేదు. జీవితంలో ఒక్కసారి గుడిలో నోరు విప్పిన మనిషి నా ఓటమి చెప్పడానికి విప్పవలసి వచ్చిందని భూమిలోకి కుంగిపోయాను. ఆ యేడు క్రిస్మసుకు మామ ఆ పొట్టేలును కోసి సంఘమంతటికీ భోజనం పెట్టాడు. నేను కడుపునొప్పి అని దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

అమ్మ మాత్రం ఆ ఆదివారం నుంచి సంఘంలో గొంతెత్తి ప్రార్థించడం మానేసింది. అయ్యగారు అడగడమూ మానేశాడు. ఆమె నమ్మకం నా వల్ల విరిగిపోయిందని నేను అనుకున్నాను. కాలేజీ లేకపోయినా దొరసానమ్మ దయ వల్ల టీచరు ట్రైనింగులో చేరాను, రాత్రి మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నాకోసం ఏదీ అడిగేదాన్ని కాదు, మా అమ్మ గొంతు ఆమెకు తిరిగి ఇవ్వమని అడిగేదాన్ని. ట్రైనింగు ముగిసి గిద్దలూరు వైపు ఒక పల్లె బడిలో ఉద్యోగం దొరికిందని కబురు వచ్చినప్పుడు, సంతోషం కంటే ముందు నాకు తోచింది అదే. ఈ ఆదివారం కానుక పెడదాం, నువ్వే లేచి ప్రార్థన చెయ్యాలి అని అమ్మను అడిగాను. ఆమె చేటతో కొర్రలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"ఆ పొద్దే ఇచ్చినాం గదమ్మీ. ఒకదానికి రెండు మార్లు ఇస్తారా ఎవురన్నా?"

మరి ఇన్నేళ్ళూ ప్రార్థన ఎందుకు మానేశావని అడిగాను. మానలేదంది. నోరు తెరిస్తే మొదట వచ్చేది నీ పేరే, పదిమందిలో నీ పేరెత్తితే నీకు నామోషీ అని లోపలే చేసుకున్నాను అంది. ఆమె నమ్మకం విరిగిందని నేను జాలిపడ్డ కాలమంతా ఆమె నన్ను కాపాడుతూ కూర్చుంది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సిగ్గు ముందు పొట్టేలు సిగ్గు ఏ పాటిది.

తర్వాత నేను బడిలో, సండే స్కూల్లో తరాల పిల్లలకు లాజరు కథ చెప్పాను. ఎన్ని సభల్లో సాక్ష్యం చెప్పానో లెక్కలేదు, ఉద్యోగం గురించి, పిల్లల చదువుల గురించి, రోగాలు నయమవడం గురించి. మొన్న ఒక్క మాట చెప్పవలసి వచ్చినప్పుడు నాకు నోరు రాలేదు. మా మనవరాలికి సీటు రాలేదు, ఆ పిల్ల కోసం ప్రార్థించండి అన్న మాట అది. దానికి మైకు కూడా అక్కర్లేదు.

భోజనం అయ్యాక మనవరాలి గదిలోకి పోయి మంచం అంచున కూర్చున్నాను. దుప్పటి ముఖం మీదికి కప్పుకుని ఉంది. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి నుదురు తాకి చూశాను, చల్లగానే ఉంది. పొట్టేలు కథ మొదటి నుంచీ చెప్పాను. నవ్వు వచ్చేచోట దుప్పటి కదిలింది. మా నాయన లేచి నిలబడిన చోట కదలడం ఆగిపోయింది.

మా గుడి ఇప్పుడు పెద్దదైంది. చాపలు లేవు, అన్నీ కుర్చీలే, అన్నీ వేదిక వైపే తిరిగి ఉంటాయి. సీట్లు వచ్చిన పిల్లలందరూ అక్కడికి వచ్చి చెప్పుకోవడానికి చోటుంది. గొర్రెల వాసన వేసే మనిషి కూర్చునే ఆ వాకిలి చోటు మాత్రం లేదు, అక్కడ చెప్పులు పెట్టుకునే అర కట్టించారు. వచ్చే ఆదివారం నా కుర్చీ అక్కడ వెయ్యమని అడగాలనుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పులు అని చెబితే వేస్తారు. కానీ మళ్ళీ అబద్ధమే చెప్పినట్టవుతుంది కదా, అందుకని ఇంకా అడగలేదు.