‘అడిక్వేట్’ అంటే ఎవరికి చాలినంత?

కోసిగి మండలంలోని ఒక చిన్న ఊళ్లో జీవమ్మను ఎరగనివాళ్లు తక్కువ. యాభై నాలుగేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఏటా పత్తి తీతలు ముగియగానే మూట కట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోవడం, ఎండలు ముదిరాక తిరిగి రావడం ముప్పై ఏళ్లుగా ఆమె బతుకు. బడికి పోయింది రెండేళ్లే. చదవడం మాత్రం చర్చిలో బైబిలు ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నేర్చుకుంది. అర్థం కాని మాట తగిలితే దాటుకుని పోయే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. పాస్టరు నెహెమ్యా వాక్యం చెబుతుంటే మధ్యలో లేచి, "అయ్యగారూ, సాత్వికులు అంటే ఎవురు?" అని అడిగేది. వెనక కూర్చున్నవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. ఆమె మాత్రం జవాబు వచ్చేదాకా నిలబడే ఉండేది.

రెండేళ్ల కిందట మే నెలలో పవిత్ర అనే అమ్మాయి ఆ ఊరికి వచ్చింది. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాళ్ల పిల్ల. ఎకనామిక్స్ చదివి, పల్లెల్లో పని, వలసల గురించి నివేదికలు రాసే ఒక సంస్థలో చేరింది. ఇల్లిల్లూ తిప్పి చూపించడానికి ఎవరైనా కావాలంటే, ఊరి పెద్ద ఈరన్న జీవమ్మ పేరు చెప్పాడు. మూడు వారాలు ఇద్దరూ కలిసి తిరిగారు. జీవమ్మ ఊరికే పక్కన నిలబడే రకం కాదు. "ఏం మద్దక్కా, ఇరవై దినాలు పనికి పోయినా అంటాండావు, మధ్యలో వారం జ్వరమొచ్చి పండుకుంటివి గదా!" అని అక్కడికక్కడే సరిదిద్దేది. పొరుగింటి మద్దమ్మ నాలుక కరుచుకుని లెక్క మార్చి చెప్పేది.

ఆగస్టులో పవిత్ర నివేదిక ముసాయిదా పట్టుకుని మళ్లీ వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. మీ ఊరి గురించి ఏం రాశామో మీకు చెప్పాలి కదా అని బడి వరండాలో నలభైమందిని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయింది. ఒకచోట తొందరలో ఇంగ్లీషు మాటే నోటికొచ్చింది.

"ఈ గ్రామంలో ఉపాధి పనుల లభ్యత అడిక్వేట్."

"ఆ మాటకు అర్థమేంది పాపా?" జీవమ్మ అడిగింది.

"సరిపడా ఉంది అని, పెద్దమ్మా. చాలినంత."

"చాలినంతనా?" జీవమ్మ చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. "పని చాలినంత ఉంటే మేం యాల పోతాండాం గుంటూరికి?"

పవిత్ర ముఖం చిన్నబోయింది. కాగితాలు తిరగేసి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పని అడిగిన ప్రతి ఒక్కరికీ దొరికిందనీ, లెక్కల్లో తప్పు లేదనీ చెప్పింది.

"నీ లెక్క అబద్ధమని నేననలే. ఆ మూన్నెళ్లు పని ఉండాది, నిజమే. మిగతా తొమ్మిది నెలలు యాడ పెట్టినావు?"

ఆ వాక్యం రాసింది తాను కాదనీ, పైనున్న వీరేంద్ర సారు అనీ, వచ్చే గురువారం కర్నూలులో అధికారుల ముందు ఈ నివేదిక చదువుతారనీ పవిత్ర చెప్పింది. రావాలనుకున్నవాళ్లు రావచ్చని కూడా అంది. ఎవరూ వస్తారని ఆమె అనుకోలేదు.

జీవమ్మ మొగుడు ప్రకాశం విని విసుక్కున్నాడు. "ఒక ఇంగ్లీషు మాట కోసరం కర్నూలికి పోతావా? దినం కూలి పోతాది."

"ముప్పై ఏండ్లు కూలి కోసరం శానా ఊర్లు తిరిగినా. ఈ ఒక్కసారి మాట కోసరం పోతా" అంది జీవమ్మ. మద్దమ్మను తోడు తీసుకుని, తెల్లవారగానే బస్సెక్కింది. ఎమ్మిగనూరులో బస్సు మారింది.

కర్నూలు మీటింగు హాల్లో చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. జీవమ్మ చెప్పులు బయట విడవబోతే పవిత్ర వద్దని లోపలికి తీసుకుపోయింది. వీరేంద్ర నలభై ఏళ్ల మనిషి, నిదానస్తుడు. తెర మీద బొమ్మలు చూపిస్తూ వరసగా ఊళ్ల గురించి చెబుతున్నాడు. తన ఊరి పేరు వినబడగానే జీవమ్మ లేచి నిలబడింది.

"సార్, మా ఊరికి అడిక్వేట్ అని రాస్తిరి. ఎవురికి అడిక్వేట్ సార్?"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. వీరేంద్ర కోప్పడలేదు. అడిగినవాళ్ల సంఖ్యకు పని తగ్గకుండా ఉంటే తమ శాస్త్రంలో ఆ మాట వాడతారని ఓపికగా చెప్పాడు.

"మీరు అడగడానికొచ్చింది ఎండాకాలంలో. అప్పుడు ఊరంతా ఊర్లోనే ఉంటాం. చలికాలంలో పని అడిగేదానికి ఊర్లో మనుషులుంటే గదా సార్! అడగలేదు గాబట్టి చాలింది అని రాసుకుంటే ఎట్ల? అన్నం సరిపోయిందా లేదా అనేది వడ్డించినోడు కాదు సార్, తిన్నోడు చెప్పల్ల."

ఎవరో చిన్నగా చప్పట్లు కొట్టి ఆపేశారు. వీరేంద్ర చేతిలోని కాగితాలను బల్ల మీద పెట్టాడు. తర్వాత అడిగాడు, "మరి ఎప్పుడు రమ్మంటావమ్మా?"

"క్రిస్మస్ ముందర రాండి. తాళాలు చూపిస్తా."

ఆ యేడు జీవమ్మ మిరప కోతలకు పోలేదు. చెప్పిన మాట కోసం సీజను వదులుకుని ఊళ్లోనే ఉంది. డిసెంబరు రెండో వారంలో వీరేంద్ర, పవిత్ర ఇద్దరూ వచ్చారు. రెండువందల పన్నెండు ఇళ్లలో నూటముప్పై ఒకటికి తాళాలు వేలాడుతున్నాయి. మిగిలిన ఇళ్లలో ముసలివాళ్లు, పిల్లలు. ఒక్కో తాళం ముందు నిలబడి, ఆ ఇంట్లో ఎందరు, ఏ ఊరు పోయారు, ఎప్పుడొస్తారు అన్నీ జీవమ్మ నోటిలెక్కన చెబుతుంటే పవిత్ర రాసుకుంది. తర్వాత వాళ్లందరికీ ఫోన్లు చేసి అడిగింది. జీవమ్మ చెప్పినదాంట్లో రెండంటే రెండే తేడాలు వచ్చాయి.

"ఇన్నేళ్లుగా పల్లెలు తిరుగుతున్నాను. తాళం వేసిన ఇంటిని నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు" అన్నాడు వీరేంద్ర. దాచుకోకుండా, అందరి ముందే అన్నాడు.

ఆ వాక్యం మారింది. పని మూడు నెలలకు మాత్రమే చాలినంత ఉందనీ, తక్కిన కాలానికి చాలదనీ రాశారు. అంతటితో ఆగలేదు. సర్వే చేసిన ముప్పై ఊళ్లలోనూ చలికాలంలో మళ్లీ లెక్క తీశారు. పదకొండు ఊళ్ల పేర్ల పక్కన అడిక్వేట్ అన్న మాట కొట్టేశారు. ఆ సంగతి ఫోనులో చెబుతూ పవిత్ర ఏడ్చినంత పని చేసింది. "పెద్దమ్మా, మా సారు ఇప్పుడు ఆ మాట రాసే ముందు ఎవరికి, ఏ నెలలో అని మమ్మల్ని అడుగుతాండాడు!"

అచ్చయిన నివేదిక ఇంటికొచ్చిన రోజు, జీవమ్మ కోడలు క్రిస్టినాను పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు అక్షరాల మీద వేలు జరుపుకుంటూ ఆ మాటను తానే చదివింది. దాని ముందున్న ‘నాట్’ను రెండుసార్లు చదివింది. ఆ సాయంత్రం ప్రకాశం ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని టీకొట్టు దాకా పోయి, "మా ఆడమనిషి మార్పించిన పుస్తకం" అని అందరికీ చూపించుకుని వచ్చాడు.

ఆ నివేదిక చూసిన అధికారులు మంజూరు చేయడంతో, పోయిన దీపావళి తర్వాత మొదటిసారిగా ఆ ఊళ్లో చలికాలపు పనులు మొదలయ్యాయి. చెరువు పూడిక తీత, వాగుకు అడ్డుకట్ట. అందరూ ఆగలేదు. నలభై కుటుంబాలు మాత్రం వలస పోకుండా ఆగాయి. జీవమ్మ కొడుకు యేసుప్రసాద్ కూడా ఆగాడు. వాడి కూతురు నడి సంవత్సరంలో బడి మానకుండా ఉండటం అదే మొదలు. క్రిస్మస్ ఆరాధనకు చాపలు చాలక నెహెమ్యా అయ్యగారు పక్క ఊరి చర్చికి మనిషిని పంపాల్సి వచ్చింది.

జనవరిలో వీరేంద్ర ఫోను చేశాడు. కొత్త నివేదిక రాస్తున్నాడట. "ఇప్పుడు మీ ఊరికి ఏం రాయమంటావమ్మా?"

జీవమ్మ కట్ట మీద మట్టి తట్ట దించి, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆయన మర్యాదకు అడగడం లేదనీ, నిజంగానే తెలుసుకోగోరి అడుగుతున్నాడనీ ఆమెకు అర్థమైంది.

"ఇంగా లేదు సార్. తొంభై ఇండ్లకు తాళాలుండాయి. పోయిన తూరికంటే మేలు అని రాయండి. ఆ మాట మాత్రం ఇంగా రాయొద్దండి. అది రాసే దినం నేనే ఫోను చేసి చెప్తా."

"అట్లాగే" అన్నాడు వీరేంద్ర.

పక్కనున్న మద్దమ్మ ఎవరని అడిగింది. "కర్నూలు సారు" అని చెప్పి, జీవమ్మ తట్ట ఎత్తుకుంది.